లాంగ్ కోవిడ్ ఉంటే బూస్టర్ వేయించుకోవాలా? ఒక ప్రశ్నలో కలిసిపోయిన మూడు ప్రశ్నలు

మా అక్కకి లాంగ్ కోవిడ్ మొదలై నాలుగో ఏడు నడుస్తోంది. పోయిన నెల చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరు "బూస్టర్ వేయించుకుంటే మంచిదే, మీ ఇష్టం" అన్నారు. ఆ "మీ ఇష్టం" దగ్గరే మేం మూడు వారాలు ఆగిపోయాం. పోయినసారి బూస్టర్ తర్వాత అక్క పన్నెండు రోజులు మంచం దిగలేదు. రెండోసారి కోవిడ్ వచ్చినప్పుడు పోయిన ఓపిక తిరిగి రావడానికి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది. రెండూ ఆవిడకి జరిగినవే, కాబట్టి ఇంట్లో ఎవరు ఏ పక్షాన మాట్లాడినా అవతలి పక్షానికి సాక్ష్యం ఆవిడ ఒంట్లోనే ఉంది.

ఆ మూడు వారాల్లో నేను చదివి అర్థం చేసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. చదివేకొద్దీ నాకు తట్టింది ఏంటంటే, అందరూ ఒక ప్రశ్న మీద వాదించుకుంటున్నాం అనుకుంటారు గానీ అందులో మూడు వేరువేరు ప్రశ్నలున్నాయి. ఉన్న జబ్బు టీకాతో తగ్గుతుందా? టీకా వల్ల ఉన్న జబ్బు ముదురుతుందా? మళ్ళీ కోవిడ్ వస్తే జరిగే నష్టాన్ని టీకా ఎంతవరకు ఆపుతుంది? ఈ మూడింటికీ ఉన్న సాక్ష్యం ఒకే బలంతో లేదు. ఒకదానికి దొరికిన జవాబుని ఇంకోదానికి అతికించడం వల్లే సగం టెన్షన్.

ముందు మాటలు తేల్చుకుందాం

లాంగ్ కోవిడ్ అన్న పేరు డాక్టర్లు పెట్టింది కాదు, పేషెంట్లు పెట్టుకున్నది. 2020 మేలో ఎలీసా పెరేగో అనే పరిశోధకురాలు తన జబ్బు గురించి ట్విటర్‌లో రాస్తూ ఆ మాట వాడారు, అదే నిలిచిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో దీనికి ఒక నిర్వచనం ఇచ్చింది: కోవిడ్ సోకిన తర్వాత సాధారణంగా మూడు నెలలకి కనబడే లక్షణాలు, కనీసం రెండు నెలలు ఉండేవి, వేరే ఏ జబ్బుతోనూ వివరించలేనివి. అంటే ఇది ఒకే జబ్బు కాకపోవచ్చు, ఒకే పేరు కింద చేరిన చాలా రకాల అవస్థలు కావచ్చు. ఒకరికి ఆయాసం, ఒకరికి మాట మధ్యలో ఆగిపోయే బ్రెయిన్ ఫాగ్, ఒకరికి లేచి నిలబడగానే గుండె దడ. 2021లో పేషెంట్లే నడిపిన ఒక పెద్ద సర్వేలో 200కి పైగా లక్షణాలు లెక్కతేలాయి. బూస్టర్ విషయంలో ఇద్దరి అనుభవాలు ఎందుకు కలవవో చాలావరకు ఇక్కడే అర్థమవుతుంది.

ఈ లక్షణాల్లో ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కథ మొత్తం దాని చుట్టూ తిరుగుతుంది. కొంచెం శ్రమ పడితే, అది మెట్లెక్కడమే కానక్కర్లేదు, ఒక గంట ఫోన్ మాట్లాడినా సరే, వెంటనే ఏమీ అవదు. ఒకరోజో రెండు రోజులో ఆగి ఒక్కసారిగా కూలిపోతారు. పేషెంట్లు దీన్ని "క్రాష్" అంటారు. మామూలు అలసట నిద్రపోతే తగ్గుతుంది, ఇది తగ్గదు. మంచి వారం, చెడ్డ వారం అని ఎగుడుదిగుడుగా నడిచే జబ్బు ఇది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇక బూస్టర్. మొదట వేసుకున్న డోసులతో ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి, వైరస్‌ని గుర్తుపట్టే కణాలు కూడా తయారవుతాయి. కొన్ని నెలలకి యాంటీబాడీలు తగ్గిపోతాయి, గుర్తుపట్టే కణాలు ఎక్కువకాలం ఉంటాయి. అందుకే టీకా వేసుకున్న మనిషికి కొన్ని నెలల తర్వాత కోవిడ్ సోకొచ్చు గానీ ఆసుపత్రి దాకా వెళ్ళే ముప్పు మాత్రం అంత తొందరగా తిరిగి రాదు. బూస్టర్ యాంటీబాడీలని మళ్ళీ పైకి లేపుతుంది. పైగా టీకా కూడా వైరస్ వెంట మారుతూ వస్తోంది: 2022లో రెండు రకాల వైరస్‌లకి కలిపి చేశారు, 2023లో ఎక్స్‌బీబీ.1.5 అనే వైరస్ రకానికి, 2024లో జేఎన్.1 కుటుంబానికి, 2025లో ఎల్‌పీ.8.1కి. ఇప్పుడు వేసే ఎంఆర్ఎన్ఏ (వైరస్ ప్రోటీన్‌ని ఒంట్లోనే తయారు చేయించే సూచన ఇచ్చేవి), ప్రోటీన్ (ఆ ప్రోటీన్‌నే నేరుగా ఇచ్చేవి) టీకాల్లో బతికున్న వైరస్ ఉండదు, కాబట్టి టీకా వల్ల కోవిడ్ సోకదు. ఆ తర్వాత వచ్చే జ్వరం, ఒళ్ళు నొప్పులు మన రోగనిరోధక వ్యవస్థ పని మొదలుపెట్టిందనడానికి గుర్తు. కానీ లాంగ్ కోవిడ్ ఉన్న మనిషికి సమస్య అక్కడే ఉంది. ఆ వ్యవస్థే ఇప్పటికే తికమకలో ఉంటే?

మొదటి ప్రశ్న: ఉన్న జబ్బు తగ్గుతుందా?

2021 మొదట్లో టీకాలు వచ్చిన కొత్తలో కొందరు పేషెంట్లు "రెండో వారానికి నాకు తేలిగ్గా ఉంది" అని చెప్పడం మొదలుపెట్టారు. అది విని పరిశోధకులు ఆసక్తి పడ్డారు. దానికి వెనక ఒక ఊహ ఉంది: లాంగ్ కోవిడ్‌లో కొందరికి వైరస్ ముక్కలు ఒంట్లో ఎక్కడో మిగిలిపోయి ఉంటే, టీకాతో వచ్చే కొత్త యాంటీబాడీలు వాటిని ఊడ్చేయొచ్చు. ఇంకొందరికి సమస్య వైరస్ ముక్కలు కాకుండా, రోగనిరోధక వ్యవస్థ సొంత కణాల మీదే దాడికి దిగడం అయితే, టీకా అగ్గికి ఆజ్యం పోయొచ్చు. ఒకే టీకా ఇద్దరిలో రెండు రకాలుగా పనిచెయ్యడం విచిత్రం కాదు.

అంకెల దగ్గరికి వస్తే, బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం చేసిన అధ్యయనం 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 18 నుంచి 69 ఏళ్ళ మధ్య 28,356 మందిని చూశారు. మొదటి డోసు తర్వాత లాంగ్ కోవిడ్ లక్షణాలు ఉన్నాయని చెప్పే "ఆడ్స్" (ఉన్నవాళ్ళని లేనివాళ్ళతో భాగిస్తే వచ్చే నిష్పత్తి) 12.8 శాతం తగ్గాయి, రెండో డోసుకి ఇంకో 8.8 శాతం. 12.8 శాతం అని వినగానే నూరుమందిలో పదమూడు మందికి నయమైందని అనుకుంటాం. కాదు. ఆ అధ్యయనంలో సుమారు 24 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు లక్షణాలున్నాయని చెప్పారు. సులువు కోసం నూటికి 24 మంది నుంచి మొదలుపెడదాం. ఉన్నవాళ్ళు 24, లేనివాళ్ళు 76, కాబట్టి ఆడ్స్ 24ని 76తో భాగిస్తే వచ్చేది, దాదాపు 0.32. దాన్ని 12.8 శాతం తగ్గిస్తే సుమారు 0.275. మళ్ళీ మనుషుల్లోకి మార్చి చూస్తే నూటికి 21, 22 మంది. అంటే వంద మందిలో ఇద్దరు ముగ్గురి తేడా. ఉత్తిదే అనలేం, మందు దొరికినట్టు కూడా కాదు.

ఫ్రాన్స్‌లో ఇంకొంచెం జాగ్రత్తగా చేశారు. 2023లో వచ్చిన ఆ అధ్యయనంలో లాంగ్ కోవిడ్ ఉన్న 910 మందిని, సగం టీకా వేసుకున్నవాళ్ళు, సగం వేసుకోనివాళ్ళు, ఒకరికొకరు దగ్గరగా ఉండేలా జతకట్టి 120 రోజుల తర్వాత చూశారు. లక్షణాలు పూర్తిగా పోయినవాళ్ళు టీకా వేసుకున్నవాళ్ళలో 16.6 శాతం, వేసుకోనివాళ్ళలో 7.5 శాతం. రెట్టింపు కంటే ఎక్కువ అన్నది నిజమే. కానీ అదే అంకెని అటునుంచి చూడండి, వేసుకున్న నూరుమందిలో 83 మందికి జబ్బు ఇంకా ఉంది. "టీకా వేసుకున్నా నాకేం తగ్గలేదు" అనే మాట ఎక్కువగా వినబడటానికి కారణం ఇదే. అలా చెప్పేవాళ్ళూ నిజమే చెబుతున్నారు, అధ్యయనమూ నిజమే చెబుతోంది.

కాబట్టి మొదటి ప్రశ్నకి: కొందరికి కొంత తగ్గొచ్చు, జబ్బుకి వైద్యంగా మాత్రం దీన్ని లెక్కపెట్టలేం.

రెండో ప్రశ్న: వేయించుకుంటే ముదురుతుందా?

నిజంగా భయపెట్టే ప్రశ్న ఇది. దీని గురించి మాట్లాడేటప్పుడు రెండు వైపులా తప్పు జరుగుతుంది. ఒకవైపు "టీకా వల్ల ఏమీ అవదు, అంతా మీ భ్రమ" అని కొట్టిపారేస్తారు. లాంగ్ కోవిడ్ పేషెంట్లు ఈ మాట జబ్బు మొదలైన రోజు నుంచీ వింటూనే ఉన్నారు, ఇంకోసారి వినిపించడం క్రూరం. ఇంకోవైపు ఒకరిద్దరి అనుభవం చూపించి అందరికీ అదే జరుగుతుందని బెదరగొడతారు.

812 మంది లాంగ్ కోవిడ్ పేషెంట్లతో చేసిన ఒక అంతర్జాతీయ సర్వే 2022లో వచ్చింది. టీకా తర్వాత 57.9 శాతం మంది మెరుగుపడ్డామన్నారు, 17.9 శాతం దిగజారామన్నారు, మిగతా 24.2 శాతం మంది తేడా లేదన్నారు. నూటికి 18 మంది అంటే తక్కువేం కాదు. అయితే ఇది సర్వే. బాగా మేలు జరిగినవాళ్ళు, బాగా దెబ్బతిన్నవాళ్ళు ఎక్కువగా జవాబిస్తారు, ఏ తేడా లేనివాళ్ళు ఫారం నింపే ఓపిక చెయ్యరు. పోల్చడానికి టీకా వేసుకోని గుంపు కూడా లేదు.

పోల్చే గుంపు ఎందుకు అంత ముఖ్యమో అక్క నోటుబుక్కు చూశాకే నాకు బాగా తెలిసింది. ఆవిడ రోజూ పడుకునే ముందు రెండు గడుల్లో రాసుకుంటుంది: ఎడమ పక్కన ఆ రోజు ఓపికకి పదికి ఎన్ని మార్కులు, కుడి పక్కన పడుకున్నప్పుడు నాడి ఎంత, లేచి నిలబడ్డాక ఎంత. ఒక పేజీలో 76, 118. ఇంకో పేజీలో 74, 92. బూస్టర్ వేసుకున్న వారం పేజీలు తీస్తే మార్కులు ఐదు నుంచి రెండుకి పడ్డాయి, చూడగానే ఎవరైనా టీకా వల్లే అంటారు. కానీ వెనక్కి తిప్పితే మార్చిలో ఇంకో పది రోజులు కనబడ్డాయి, అక్కడా ఐదు నుంచి రెండుకే పడ్డాయి, అప్పుడు టీకా లేదు, జ్వరం లేదు, ఏమీ లేదు. ఒకవేళ బూస్టర్ మార్చి మొదట్లో వేయించి ఉంటే ఆ పది రోజులూ కూడా బూస్టర్ ఖాతాలోకే వెళ్ళేవి. ఎగుడుదిగుడుగా నడిచే జబ్బులో ఏ సంఘటన తర్వాతైనా ఒక చెడ్డ వారం వచ్చే అవకాశం ఉంటుంది, మంచి వారం వచ్చే అవకాశం కూడా అంతే. "టీకా వల్ల తగ్గింది" అన్నవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది.

అలాగని అంతా యాదృచ్ఛికం అనడానికి కూడా లేదు. మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చే జ్వరం, తలనొప్పి, నీరసం టీకా వల్ల వస్తాయని అందరికీ తెలిసిందే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకీ వస్తాయి. జ్వరం అంటే ఒంటికి శ్రమ. శ్రమ పడితే క్రాష్ అయ్యే మనిషికి ఆ జ్వరమే క్రాష్‌ని తెచ్చిపెట్టడం తేలిగ్గా ఊహించగలిగిందే. ఇలా వచ్చిన దిగజారుడు కొన్ని రోజులో వారాలో ఉండి వెళ్ళిపోవచ్చు. అక్కకి పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజుల్లో ఆవిడ స్నానానికి కూడా స్టూల్ వేసుకుని కూర్చోవాల్సి వచ్చింది, కాబట్టి "కొద్దిరోజులే కదా" అని తేలిగ్గా అనే హక్కు నాకు లేదు.

అరుదైన ప్రమాదాలు వేరు. ఎంఆర్ఎన్ఏ టీకాల తర్వాత గుండె కండరం వాపు కొద్దిమందిలో వచ్చింది, ఎక్కువగా కౌమారంలోనూ ఇరవైల్లోనూ ఉన్న మగవాళ్ళకి, రెండో డోసు తర్వాత వారం లోపల. నిలబడగానే గుండె వేగం పెరిగిపోయే పాట్స్ అనే సమస్య లాంగ్ కోవిడ్‌లో చాలామందికి ఉంటుంది కాబట్టి దాని మీద జరిగిన పని కూడా చెప్పాలి. లాస్ ఏంజెలెస్‌లోని సీడర్స్ సైనాయ్ పరిశోధకులు 2,84,592 మంది టీకా వేసుకున్నవాళ్ళ రికార్డులు చూసి 2022 డిసెంబరులో ప్రచురించారు. టీకాకి ముందు మూడు నెలలతో పోలిస్తే తర్వాత మూడు నెలల్లో పాట్స్ సంబంధిత నిర్ధారణలు కొంత పెరిగాయి. అదే అధ్యయనంలో కోవిడ్ సోకిన తర్వాత అలాంటి నిర్ధారణ వచ్చే అవకాశం టీకా తర్వాత కంటే సుమారు 5 రెట్లు ఎక్కువ. రెండు వాక్యాలూ కలిపి చదవాలి. మొదటిది ఒక్కటే చెబితే భయం, రెండోది ఒక్కటే చెబితే అన్యాయం.

టీకా తర్వాతే లాంగ్ కోవిడ్ లాంటి అవస్థ మొదలైందని చెప్పేవాళ్ళు కూడా కొందరున్నారు. యేల్ విశ్వవిద్యాలయంలో అకికో ఇవసాకి, ఆమె సహచరులు అలాంటి 42 మంది రక్తనమూనాలని టీకా వేసుకుని బాగానే ఉన్న 22 మందితో పోల్చి 2025లో తొలి ఫలితాలు బయటపెట్టారు. చిన్న అధ్యయనం, కారణం తేల్చలేదు. కానీ ఆ మనుషుల మాటని పరిశోధనాశాల దాకా తీసుకెళ్ళడమే నాకు గౌరవంగా అనిపించింది.

మూడో ప్రశ్న: మళ్ళీ కోవిడ్ వస్తే?

సాక్ష్యం అన్నిటికన్నా బలంగా ఉన్నది ఇక్కడ. ముందు ఒక తేడా: ఈ అధ్యయనాలు ఎక్కువగా చూసింది లాంగ్ కోవిడ్ లేనివాళ్ళకి కొత్తగా రావడాన్ని, ఇప్పటికే ఉన్నవాళ్ళ సంగతిని కాదు. అయినా దారి చూపిస్తాయి.

స్వీడన్‌లో 5,89,722 మందిని చూసి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి ఇన్ఫెక్షన్‌కి ముందే ఒక డోసు వేసుకున్నవాళ్ళకి లాంగ్ కోవిడ్ నిర్ధారణ ముప్పు 21 శాతం తగ్గింది, రెండు డోసులకి 59 శాతం, మూడు లేదా అంతకన్నా ఎక్కువకి 73 శాతం. అమెరికాలో మాజీ సైనికుల రికార్డులతో జియాద్ అల్ అలీ అనే పరిశోధకుడి బృందం చేసిన పనిలో తేడా వేరేగా వచ్చింది. 2022లో వాళ్ళు మొదట చెప్పింది టీకాతో ముప్పు సుమారు 15 శాతమే తగ్గుతుందని. 2024లో వాళ్ళే ఇంకో అధ్యయనంలో ఒమిక్రాన్ కాలంలో టీకా వేసుకోనివాళ్ళలో ఏడాదికి నూటికి 7.76 మందికి, వేసుకున్నవాళ్ళలో నూటికి 3.50 మందికి దీర్ఘకాల సమస్యలు వచ్చాయని చూపించారు. 15 శాతం ఎక్కడ, 73 శాతం ఎక్కడ అని జనం అడగడం సహజం. నిర్వచనం వేరు, మనుషులు వేరు (మాజీ సైనికుల్లో ఎక్కువమంది వయసు మళ్ళిన మగవాళ్ళు), వైరస్ వేరు, కాలం వేరు. కానీ అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి, తేడా ఎంత అన్నదాంట్లోనే. అదే బృందం 2022 నవంబరులో చెప్పిన ఇంకో సంగతి కూడా ఇక్కడ అవసరం: రెండోసారి, మూడోసారి కోవిడ్ సోకితే ముప్పు కిందటిసారితో ఆగిపోదు, దాని మీద ఇంకొంత చేరుతుంది.

ఇప్పటికే లాంగ్ కోవిడ్‌తో ఉన్న మనిషికి ఇంకో ఇన్ఫెక్షన్ అంటే ఏంటో మా ఇంట్లో తెలుసు. అందరికీ అలా అవదు, కొందరికి మామూలు జలుబులా వచ్చి పోతుంది కూడా. ఎవరికి ఎలా ఉంటుందో ముందే చెప్పే పరీక్ష లేదు.

2021 జవాబులు, ఇప్పటి ప్రశ్న

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనబడిన చిక్కు ఇది, ఎవరూ గట్టిగా చెప్పట్లేదు. పైన చెప్పిన బ్రిటన్, ఫ్రాన్స్ అధ్యయనాలు, ఆ సర్వే, అన్నీ 2021లో మొదటి డోసో రెండో డోసో వేసుకున్నవాళ్ళ గురించి. అప్పుడు ఒంట్లో ఉన్న రక్షణ ఒక్క ఇన్ఫెక్షన్‌తో వచ్చింది, కాబట్టి టీకా తెచ్చిన మార్పు పెద్దది. ఇవాళ ఈ ప్రశ్న వేసుకుంటున్న మనిషి మూడు నాలుగు డోసులు వేసుకుని, రెండు మూడుసార్లు కోవిడ్ తెచ్చుకుని ఉన్నారు. వాళ్ళకి ఐదో డోసు ఇచ్చే అదనపు రక్షణ మొదటి డోసు ఇచ్చినంత ఉండదు, కొన్ని నెలలే గట్టిగా ఉంటుంది. అలాగే అప్పటి మేలు అంకెల్ని, అప్పటి కీడు అంకెల్ని ఇప్పటికి యథాతథంగా మోసుకొస్తే రెండు వైపులా తప్పవుతుంది.

దేశాలు ఒకేలా చెప్పకపోవడానికి ఇది ఒక కారణం. బ్రిటన్ 2025 శరత్కాలంలో ఉచిత డోసుని 75 ఏళ్ళు దాటినవాళ్ళకి, వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్ళకి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళకి పరిమితం చేసింది. అమెరికాలో ఆ ఏడాదే అనుమతులని 65 ఏళ్ళు దాటినవాళ్ళకి, అంతకన్నా చిన్నవాళ్ళలో ముప్పు పెంచే జబ్బు ఏదైనా ఉన్నవాళ్ళకి కుదించారు. ఇవి మొత్తం జనాభా మీద ఆసుపత్రి చేరికలు, మరణాలు లెక్కేసి తీసుకున్న నిర్ణయాలు. నలభై ఏళ్ళ మనిషి ఆసుపత్రికి వెళ్ళకుండానే ఎనిమిది నెలలు మంచాన పడితే ఆ లెక్కలో కనబడదు. కాబట్టి "ప్రభుత్వం మా వయసువాళ్ళకి చెప్పలేదు అంటే అవసరం లేనట్టే" అన్నది తొందరపాటు, "అందరికీ ఇవ్వాల్సిందే" అన్నదీ ఆ అంకెల్లోంచి రాదు.

వంద మందితో ఒక లెక్క

అంకెలు ఎలా తూగుతాయో చూడటానికి ఊహించిన ఉదాహరణ ఒకటి. సర్వే నుంచి తెచ్చిన 18 తప్ప మిగతా అంకెలన్నీ నేను అనుకున్నవి, కొలిచినవి కావు.

శ్రమ పడితే క్రాష్ అయ్యే లాంగ్ కోవిడ్ పేషెంట్లు వంద మంది ఉన్నారనుకుందాం. బూస్టర్ లేకుండా వచ్చే కొన్ని నెలల్లో 20 మందికి కోవిడ్ సోకుతుంది. వాళ్ళలో మూడో వంతు, అంటే ఏడుగురు, నెలల తరబడి దిగజారతారు. బూస్టర్ ఆ సోకడాన్ని 40 శాతం తగ్గిస్తే 12 మందికే సోకుతుంది, నలుగురు దిగజారతారు. అంటే బూస్టర్ ముగ్గురిని కాపాడింది.

ఇప్పుడు రెండో పళ్ళెం. ఇందాకటి సర్వేలోలా బూస్టర్ తర్వాత 18 మంది దిగజారారనుకుందాం. ముగ్గురికి మేలు, పద్దెనిమిది మందికి కీడు, ఇంకేముంది తేలిపోయింది అనిపిస్తుంది. కానీ ఆ ముగ్గురి నష్టం నెలల్లో కొలిచేది. పద్దెనిమిది మందిలో పదిహేడు మందికి రెండు వారాల్లో తగ్గిపోయి ఒక్కరికే నెలల తరబడి ఉంటే లెక్క బూస్టర్ వైపు తూగొచ్చు. ఐదుగురికి నెలల తరబడి ఉంటే బూస్టర్ వద్దన్న వైపు తూగుతుంది. అంటే మొత్తం నిర్ణయం "ఎంతమంది దిగజారారు" మీద కన్నా "ఎంతకాలం దిగజారారు" మీద ఆధారపడి ఉంది. వాదనల్లో ఎప్పుడూ మొదటి అంకే వినబడుతుంది. సోకే అవకాశం 20 నుంచి 5కి తగ్గించి చూడండి, ఇంట్లోనే ఉండి, మాస్కు పెట్టుకుని, ఎవరినీ కలవని మనిషి అనుకోండి, బూస్టర్ కాపాడేది ఒక్కరి కంటే తక్కువకి పడిపోతుంది.

అవే అంకెలు, ముగ్గురు మనుషులు

ఇవి కూడా ఊహించినవే. అరవై ఎనిమిదేళ్ళావిడ, షుగర్ ఉంది, లాంగ్ కోవిడ్ ఉన్నా తేలికపాటిది, పాత డోసులకి చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాలేదు, చివరి డోసు వేసుకుని రెండేళ్ళు దాటింది. ఈవిడ విషయంలో లాంగ్ కోవిడ్ పక్కన పెట్టినా వయసు, షుగర్ చాలు, ఆసుపత్రి ముప్పు పెద్దది, పాత అనుభవం భయపెట్టేది కాదు. డాక్టర్లలో ఎక్కువమంది ఇలాంటి చోట వేయించుకోమనడానికి తటపటాయించరు.

ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, రెండో డోసు తర్వాత గుండె కండరం వాపు వచ్చి తగ్గింది. ఇతనికి ఆసుపత్రి ముప్పు తక్కువ, ఒకసారి జరిగింది మళ్ళీ జరిగే భయం మాత్రం సొంత ఒంటి మీద రుజువైంది. గుండె డాక్టరుతో మాట్లాడకుండా ఇంకో డోసు అన్న ప్రశ్నే ఇక్కడ రాదు.

మూడో మనిషి మా అక్క లాంటివాళ్ళు. నలభైల్లో ఉన్నారు, ఇంట్లో బడికెళ్ళే పిల్లలున్నారు కాబట్టి వైరస్ ఇంటికి రావడం దాదాపు ఖాయం, పోయిన బూస్టర్‌కి క్రాష్ అయ్యారు, పోయిన కోవిడ్‌కి అంతకన్నా ఘోరంగా అయ్యారు. ఇలాంటివాళ్ళ గురించి తెలివైన మనుషులు రెండు రకాలుగా నిర్ణయించుకోవడం నేను చూశాను, ఇద్దరినీ తప్పుపట్టలేను. పన్నెండు రోజులు పడుకోగలిగే వీలు ఉందా, ఆ పన్నెండు రోజులు పిల్లల్ని చూసుకునేవాళ్ళున్నారా అన్నది కూడా ఇక్కడ వైద్య సమాచారం అంత ముఖ్యం.

ఏ టీకా, ఎప్పుడు అన్నదాంట్లో ఉన్న వెసులుబాటు

వేయించుకోవాలా వద్దా అన్న రెండు తలుపులే ఉన్నట్టు మాట్లాడతారు గానీ మధ్యలో కొంత చోటుంది. ఎంఆర్ఎన్ఏ టీకాలతో పోలిస్తే నోవావాక్స్ ప్రోటీన్ టీకా తర్వాతి రోజు నీరసం, ఒళ్ళు నొప్పులు సాధారణంగా కొంత తక్కువ తెస్తుంది, అది దొరికే చోట కొందరు పేషెంట్లు అందుకే దాన్ని ఎంచుకుంటున్నారు. లాంగ్ కోవిడ్‌కి అదే మెరుగని దానర్థం కాదు. ఏదైనా టీకాలో ఉన్న పదార్థానికి గతంలో తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే ఆ టీకా వెయ్యరు. ఎంఆర్ఎన్ఏ వాటిలో పాలీఇథిలీన్ గ్లైకాల్, నోవావాక్స్‌లో పాలీసార్బేట్ 80 ఉంటాయి, అలర్జీ చరిత్ర ఉన్నవాళ్ళు ఈ పేర్లు తెలిసి ఉంటే డాక్టరుతో మాట్లాడటం తేలిక.

ఈమధ్యే కోవిడ్ వచ్చి తగ్గిందా, అప్పుడు తొందరేమీ లేదు, ఆ ఇన్ఫెక్షనే కొంతకాలం రక్షణ ఇస్తుంది. మూడు నెలలు ఆగడాన్ని ఒప్పుకునే మార్గదర్శకాలున్నాయి. క్రాష్ మధ్యలో ఉన్నప్పుడు కాకుండా కాస్త నిలకడగా ఉన్న వారం చూసుకోవడం, ముందు రెండు రోజులు, తర్వాత వారం పనులు ఖాళీ చేసి పెట్టుకోవడం పేషెంట్లు ఒకరికొకరు చెప్పుకునే పద్ధతి. ఎలాగూ జ్వరం వస్తుందని ముందే మాత్ర మింగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చెయ్యదు, వచ్చాక వేసుకోవచ్చు. ఛాతీ నొప్పి, ఊపిరి అందకపోవడం, కొత్తగా గుండె లయ తప్పడం లాంటివి వస్తే మాత్రం అది క్రాషేలే అని ఇంట్లో కూర్చోకూడదు.

మా అక్క చివరికి ఏం చేసిందంటే, నోటుబుక్కు తీసి పోయిన ఏడాది పేజీలు లెక్కపెట్టింది. ఓపిక మూడు కంటే తక్కువ ఉన్న రోజులు ఎన్ని, వాటిలో బూస్టర్ తర్వాతవి ఎన్ని, కోవిడ్ తర్వాతవి ఎన్ని, ఏ కారణమూ లేనివి ఎన్ని. ఆ నాలుగు అంకెలూ ఒక చిన్న కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళింది. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, మొదటిసారి "మీ ఇష్టం" అనకుండా కుర్చీ దగ్గరికి జరుపుకుని, పిల్లల బడి సెలవులు ఎప్పుడని అడిగారు. సెలవుల రెండో వారంలో, నేను వచ్చి ఉండగలిగిన రోజుల్లో వేయించుకోవాలని అనుకున్నాం. ఆ రోజు దాకా పేజీలు అలాగే నిండుతున్నాయి, నిన్నటిది ఐదు, 78, 96.